పాత ట్రాక్టరు క్లచ్: పెడల్‌లో ఆ ముప్పావు అంగుళం ఎందుకుండాలి, ఎలా పెట్టుకోవాలి

క్లచ్ పెడల్‌ని కాలితో కాదు, చేత్తో నొక్కి చూడండి. పాత ట్రాక్టరు తెచ్చి "క్లచ్ జారుతోంది" అన్నా, "గేరు పడట్లేదు" అన్నా నేను మొదట చేసే పని ఇదే. ఇంజను ఆపి, పెడల్ మీద అరచెయ్యి ఆనించి మెల్లగా కిందికి అదుముతాను. మొదట కొంత దూరం రిటర్న్ స్ప్రింగు బిగువు తప్ప ఇంకే అడ్డూ లేకుండా తేలిగ్గా దిగుతుంది. ఒక చోటికి రాగానే గట్టిగా తగులుతుంది. ఆ తేలిగ్గా దిగిన దూరమే ఫ్రీ ప్లే. బూటు వేసుకున్న కాలికి ఆ తేడా తెలీదు. ఏళ్ల తరబడి అదే బండి నడిపినవాళ్లు కూడా "ప్లే బాగానే ఉంది" అంటారు, చెయ్యి పెడితే అసలుండదు.

క్లచ్ పాడైందని బండిని రెండు ముక్కలుగా విప్పించుకునే ముందు ఈ ఒక్కటి చూసుకుంటే చాలాసార్లు పని అక్కడే అయిపోతుంది. నా దగ్గరున్నది మాసీ ఫెర్గూసన్ 35. దాంతోపాటు ఫెర్గూసన్ టీఈ20, ఫోర్డ్ 8ఎన్, మాసీ 135 లాంటి వాటి మీద పని చేశాను కాబట్టి ఉదాహరణలు వాటినుంచే చెప్తాను. లోపలి పనితీరు మాత్రం కాలితో తొక్కే పొడి క్లచ్ ఉన్న ఏ పాత ట్రాక్టరుకైనా ఒకటే.

ప్లే ఎందుకు తగ్గుతుంది

ఇది అర్థమైతే మిగతా పనంతా సులువు. ఇంజను వెనక ఫ్లైవీల్ ఉంటుంది. దాని మీద క్లచ్ ప్లేటు, ఆ ప్లేటుని ఫ్లైవీల్‌కి అదిమి పట్టుకునే ప్రెషర్ ప్లేటు ఉంటాయి. ప్రెషర్ ప్లేటు వెనక చుట్టూ స్ప్రింగులు, మధ్యలోకి చొచ్చుకొచ్చిన మూడు ఫింగర్లు. పెడల్ తొక్కితే ఫోర్కు (బేరింగుని తోసే రెండు కొమ్ముల లీవరు) కదిలి, రిలీజ్ బేరింగు ముందుకొచ్చి ఆ మూడు ఫింగర్లనీ నొక్కుతుంది. అవి ప్రెషర్ ప్లేటుని వెనక్కి లాగితే క్లచ్ ప్లేటు వదులవుతుంది, గేరు బాక్సుకి ఇంజను పట్టు తప్పుతుంది.

ఇక్కడ గమనించాల్సిన సంగతి ఒకటుంది. ప్లేటు మీద లైనింగు (ఫ్లైవీల్‌ని పట్టుకునే రాపిడి పొర) అరిగేకొద్దీ ప్రెషర్ ప్లేటు ఫ్లైవీల్ వైపు జరుగుతుంది. ఫింగర్లు ఇరుసు మీద తిరిగే లీవర్లు కాబట్టి వాటి లోపలి కొనలు ఎదురు దిక్కుకి, అంటే బేరింగు వైపుకి లేస్తాయి. అంటే క్లచ్ అరిగినకొద్దీ ప్లే పెరగదు, తగ్గుతుంది. చాలామంది దీన్ని తలకిందులుగా అనుకుని, పెడల్ బిగువుగా ఉంటే క్లచ్ కొత్తగా ఉందని సంతోషిస్తారు.

ప్లే పూర్తిగా పోయిందంటే బేరింగు ఎప్పుడూ ఫింగర్లకి ఆనుకునే తిరుగుతుంటుంది. ఆ బేరింగు నిమిషమో రెండు నిమిషాలో భారం మోయడానికే తయారైంది, రోజంతా తిరగడానికి కాదు. అందులోని గ్రీజు కాలిపోతుంది, శబ్దం మొదలవుతుంది. అంతకన్నా పెద్ద నష్టం, ఫింగర్ల మీద ఆ కాస్త బరువు వల్ల స్ప్రింగులు ప్లేటుని పూర్తి బలంతో నొక్కలేవు. నాగలి లోతుకి దిగగానే ప్లేటు జారుతుంది, జారితే వేడెక్కుతుంది, వేడెక్కితే లైనింగు మెరుగెక్కి ఇంకా జారుతుంది. ఒక్క పూట గట్టి దుక్కిలో మంచి ప్లేటు కూడా మాడిపోతుంది.

ప్లే మరీ ఎక్కువైతే కథ ఇంకోలా ఉంటుంది. పెడల్ అడుగుదాకా తొక్కినా బేరింగు ఫింగర్లని చాలినంత నొక్కదు. ప్లేటు పూర్తిగా వదలదు. గేరు వేయబోతే కరకరమంటుంది. తోలేవాడు లీవర్ని బలంగా తోస్తాడు, పళ్లు విరిగేది గేరు బాక్సులో.

కొలవడం

బండిని చదునైన నేల మీద ఆపండి. ఇంజను ఆపి, తాళం తీసి, గేరు న్యూట్రల్‌లో పెట్టి, వెనక చక్రాలకి ముందూ వెనకా చెక్కలు అడ్డం పెట్టండి. పెడల్ చుట్టూ గట్టిపడ్డ మట్టి గీకెయ్యండి. ఫుట్‌రెస్టు కింద మట్టి పేరుకుని పెడల్‌ని పూర్తిగా పైకి రానివ్వకపోతే మీరు కొలిచేదంతా తప్పే.

పెడల్ పక్కన ఒక చెక్క బద్ద నిలబెట్టి, పెడల్ అంచు ఉన్నచోట సుద్దతో గీత గీయండి. చేత్తో అదిమి, తగిలిన చోట రెండో గీత. రెండింటి మధ్య దూరం స్కేలుతో కొలవండి. పాత ట్రాక్టర్లలో చాలావాటికి ఇది ముప్పావు అంగుళం నుంచి అంగుళం దాకా, అంటే 20 నుంచి 25 మిల్లీమీటర్లు ఉండాలి. మీ బండి హ్యాండ్‌బుక్‌లో వేరే అంకె ఉంటే అదే లెక్క. కొన్నిటిలో పెడల్ దగ్గర కాకుండా లింకేజీ (పెడల్‌ని ఫోర్కుతో కలిపే రాడ్లు) దగ్గర కొలవమంటారు, అక్కడ అంకె చిన్నదవుతుంది. దాన్ని తెచ్చి పెడల్ దగ్గర పెట్టకూడదు. లోపల బేరింగుకీ ఫింగర్లకీ మధ్య సందు రెండు మిల్లీమీటర్ల చుట్టుపక్కలే. లీవర్ల పొడవు వల్ల పెడల్ దగ్గరికి వచ్చేసరికి అది అంత పెద్దదిగా కనిపిస్తుంది.

ముసలి బండ్లలో ఒక మోసం ఉంటుంది, దాన్ని చేతివేళ్లతోనే పట్టుకోవాలి. యోక్ (రాడ్డు చివర పిన్ను పట్టే రెండు చెవుల ముక్క) పిన్నులు, పెడల్ బుష్షులు, క్రాస్ షాఫ్టు (ఫోర్కుని తిప్పే అడ్డ కడ్డీ) బుష్షులు అరిగి ఉంటాయి. అలాంటి పెడల్ నొక్కితే రెండు మెట్లుగా దిగుతుంది. మొదటి మెట్టు ఈ అరుగుదల సందులన్నీ పూడుకోవడం. అక్కడ చిన్న టిక్కుమని చప్పుడు, మెత్తటి ఆనిక. రెండో మెట్టు బేరింగు ఫింగర్లని తాకడం, అక్కడ స్ప్రింగుల అసలు బిగువు చేతికి తెలుస్తుంది. మొదటి మెట్టుని కూడా కలిపి అంగుళం వచ్చిందని ఊరుకుంటే, నిజమైన ప్లే పావు అంగుళం కూడా ఉండకపోవచ్చు. అనుమానంగా ఉంటే ఒక మనిషిని పెడల్ మెల్లగా అదమమని, మీరు కిందికి వంగి క్రాస్ షాఫ్టు చివరి ఆర్ము మీద వేలు పెట్టండి. ఆర్ము కదలడం మొదలైనప్పటినుంచి బిగుసుకునేదాకా జరిగిందే అసలు ప్లే. అంతకు ముందు పెడల్ ఒక్కటే కదిలిందంటే అదంతా పిన్నుల అరుగుదల.

నా మాట వింటే సెట్టింగుకి ముందే పిన్నులు మార్చండి. యోక్ రంధ్రం కోడిగుడ్డు ఆకారానికి సాగిపోయుంటే యోక్ కూడా మార్చాలి. ఇవి మార్చకుండా ప్లే సరిచేస్తే వారంలో మళ్లీ మారిపోతుంది.

సరిచేయడం

ముందురోజే యోక్ మరల మీద, లాక్ నట్టు మీద తుప్పు వదిలే ఆయిల్ పోసి ఉంచండి. ఏళ్లుగా కదలని మరలని పొద్దున్నే వచ్చి స్పానరుతో మెలితిప్పితే రాడ్డు విరిగి చేతికొస్తుంది. వైరు బ్రష్షుతో మరలు శుభ్రంగా రుద్దండి.

8ఎన్ లాంటి బండ్లలో ఎడమ ఫుట్‌రెస్టు కింద పెడల్ నుంచి రిలీజ్ ఆర్ముకి ఒక రాడ్డు, దాని చివర యోక్ ఉంటుంది. కాటర్ పిన్ను (యోక్ పిన్ను జారిపోకుండా దూర్చి కొసలు వంచే చిన్న పిన్ను) తీసి, యోక్ పిన్ను బయటికి లాగి, లాక్ నట్టు వదులు చేస్తే యోక్‌ని రాడ్డు మీద తిప్పొచ్చు. ఏ వైపు తిప్పాలన్నది కంఠతా పట్టక్కర్లేదు, రాడ్డు చేసే పని చూడండి. పెడల్ తొక్కినప్పుడు రాడ్డు ఆర్ముని లాగేదైతే, రాడ్డు పొడవు పెంచితే ప్లే పెరుగుతుంది. తోసేదైతే, పొడవు తగ్గిస్తే ప్లే పెరుగుతుంది. ఒక్కో చుట్టు తిప్పడం, పిన్ను దూర్చి చేత్తో నొక్కి కొలవడం. తొందరపడి అయిదారు చుట్లు ఒకేసారి తిప్పొద్దు.

రాడ్డు లేకుండా, పెడల్‌నే క్రాస్ షాఫ్టు మీద క్లాంపు బోల్టుతో పట్టించిన బండ్లూ ఉన్నాయి. అక్కడ బోల్టు వదులు చేసి షాఫ్టు మీద పెడల్ స్థానం మార్చడమే సెట్టింగు. ఆ బోల్టు బిగింపు గట్టిగా లేకపోతే బరువు పడ్డప్పుడు పెడల్ షాఫ్టు మీద జారి ప్లే దానంతటదే మారిపోతుంది. క్లాంపు పెదవులు రెండూ ఒకదానికొకటి ఆనుకుపోయి ఉంటే ఎంత బిగించినా పట్టు దొరకదు, అప్పుడు ఆ భాగం మార్చాల్సిందే.

అంకె కుదిరాక లాక్ నట్టు బిగించి మళ్లీ కొలవండి, బిగించేటప్పుడు యోక్ కాస్త తిరిగి సెట్టింగు చెదురుతుంది. కాటర్ పిన్ను మాత్రం కొత్తది వెయ్యండి. పాతదాన్ని సాపుచేసి మళ్లీ వంచితే అది పొలం మధ్యలో విరుగుతుంది, బండి ఆగాల్సిన సమయంలో పెడల్ ఊరికే కిందపడుతుంది. ఇంత చిన్న ముక్కని నమ్ముకుని మనిషి ప్రాణం ఉంటుంది.

ఇప్పుడు పరీక్ష. ఇంజను స్టార్టు చేసి, ఐడిలింగులో పెడల్ అడుగుదాకా తొక్కి, నాలుగైదు సెకన్లు ఆగి రివర్సు గేరు వెయ్యండి. చప్పుడు లేకుండా పడితే క్లచ్ వదులుతోంది. అంతసేపు ఆగినా కరకరమంటే వదలట్లేదు. పట్టు చూడాలంటే, ఎదుట మనుషులెవరూ లేని ఖాళీ స్థలంలో బ్రేకులు గట్టిగా పట్టుకుని, టాప్ గేరులో, మామూలు ఆర్‌పీఎంలో పెడల్ వదలండి. ఇంజను వెంటనే ఆగిపోవాలి. ఇంజను తిరుగుతూనే ఉంటే జారుతున్నట్టు. ఈ పరీక్ష ఒక్కసారి చాలు. నాలుగుసార్లు చేస్తే పరీక్షే ప్లేటుని తినేస్తుంది.

ప్లే సరిగ్గా పెట్టాక కూడా జారుతుంటే, లేదా యోక్ మరలు అయిపోయి ఇంక తిప్పడానికి చోటు లేకపోతే, లోపల లైనింగు అయిపోయింది. బయటి సెట్టింగుతో పని జరగదు.

డబుల్ క్లచ్ ఉన్నవాటికి

టీఈ20, 8ఎన్‌లలో పెడల్ తొక్కితే బండితో పాటు పీటీఓ (పనిముట్లని తిప్పే వెనక షాఫ్టు) కూడా ఆగుతుంది. మాసీ 35, 135లలో డబుల్ క్లచ్ వేసి వచ్చిన బండ్లలో పెడల్‌కి రెండు దశలు. సగం తొక్కితే చక్రాలు ఆగుతాయి, పీటీఓ తిరుగుతూనే ఉంటుంది. అడుగుదాకా తొక్కితే రెండూ ఆగుతాయి. కాబట్టి ప్లే తప్పితే ఇక్కడ రెండు పనులూ చెడతాయి. సగంలో చక్రాలు సరిగ్గా ఆగవు, లేదా అడుగుదాకా తొక్కినా పీటీఓ ఆగదు.

ముందు పైన చెప్పినట్టే పెడల్ ప్లే పెట్టాలి. అది కుదిరాక కూడా పీటీఓ ఆగకపోతే అప్పుడు లోపలి మూడు అడ్జస్టింగ్ స్క్రూల పని. బెల్ హౌసింగు (క్లచ్‌ని కప్పి ఉండే పెట్టె) కిటికీ మూత తీసి, ఫ్లైవీల్‌ని చేత్తో తిప్పుతూ ఒక్కో స్క్రూని కిటికీ ఎదురుగా తెచ్చుకుని, మీ క్లచ్‌కి హ్యాండ్‌బుక్ చెప్పిన గ్యాప్‌ని ఫీలర్ గేజితో (సందు కొలిచే పల్చటి రేకులతో) పెట్టాలి. మూడింటికీ ఒకే గ్యాప్. ఒకటి ఎక్కువా ఒకటి తక్కువా ఉంటే ప్లేటు వంకరగా లేచి, బండి కదిలేటప్పుడు కుదుపులు మొదలవుతాయి. సింగిల్ క్లచ్ బండ్లలో కూడా పెడల్ వదిలేటప్పుడు వణుకు వస్తే నేను చూసేది ఫింగర్ల ఎత్తే. మూడూ ఒకే మట్టంలో ఉండాలి.

ఇంకో సంగతి. పాత జాన్ డీర్ రెండు సిలిండర్ల బండ్లలో చాలావాటికి పెడల్ బదులు చేతి లీవరు ఉంటుంది. అది వేరే రకం. అందులో లీవరు ముందుకి తోస్తే 'టక్'మని బిగువుగా పడాలి, మెత్తగా జారిపోతే బిగించాలి. ఫ్రీ ప్లే లెక్క దానికి వర్తించదు.

నూనె, దుమ్ము, శబ్దం

ఫెర్గూసన్ బెల్ హౌసింగు అడుగున చిన్న రంధ్రం, అందులో వేలాడుతూ ఒక కాటర్ పిన్ను ఉంటుంది. అది ఎవరో మర్చిపోయిన పిన్ను కాదు. బండి అదురుకి అది ఆడుతూ రంధ్రం మట్టితో మూసుకుపోకుండా చూస్తుంది. దాన్ని పీకేసి రంధ్రానికి బిరడా కొట్టినవాళ్లని చూశాను. అలా చేస్తే కారిన నూనెంతా లోపలే నిలిచి ప్లేటు మీదికి చిమ్ముతుంది. ఆ పిన్ను కొసన వేలాడే చుక్కే మీకు ముందస్తు కబురు. చుక్కని వేలి మీద తీసుకుని చూడండి. నల్లగా, పల్చగా ఉంటే ఇంజను వెనక సీలు నుంచి. చిక్కగా, గంధకం లాంటి ఘాటు వాసన వస్తే గేరు బాక్సు ఇన్‌పుట్ షాఫ్టు సీలు నుంచి. నూనె పీల్చుకున్న లైనింగుని పెట్రోలుతో కడిగి మళ్లీ వేస్తే రెండ్రోజులు పడుతుంది, వేడెక్కగానే లోపలి నూనె పైకొచ్చి మళ్లీ జారుతుంది. సీలు మార్చి, ప్లేటు కూడా మార్చాలి.

దుమ్ము గురించి గట్టిగా చెప్పాలి. పాత లైనింగుల్లో ఆస్‌బెస్టాస్ ఉంటుంది. హౌసింగు తెరవగానే కంప్రెసర్ గాలి కొట్టడం చాలా షెడ్లలో అలవాటు. ఆ బూడిదరంగు పొడి ఊపిరితిత్తుల్లోకి పోతే తిరిగి రాదు, రోగం ఏళ్ల తర్వాత బయటపడుతుంది. గాలి కొట్టొద్దు, పొడి బ్రష్షుతో ఊడ్వొద్దు. మంచి మాస్కు కట్టుకుని, ముందు నీళ్లు చిలకరించి, తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డని సంచిలో మూటకట్టి పారెయ్యండి. పక్కన పిల్లలు లేకుండా చూసుకోండి.

శబ్దాన్ని బట్టి ఎక్కడ పోయిందో చెప్పొచ్చు. పెడల్ కొంచెం అదమగానే కీచుమంటే రిలీజ్ బేరింగు. పూర్తిగా తొక్కి గేరులో ఆగి ఉన్నప్పుడు మోగితే ఫ్లైవీల్ మధ్యలోని పైలట్ బేరింగు. పెడల్ వదిలి న్యూట్రల్‌లో ఉన్నప్పుడు మోగి, తొక్కగానే ఆగిపోతే అది క్లచ్ సంగతి కాదు, గేరు బాక్సు ఇన్‌పుట్ బేరింగు.

గ్రీజు విషయంలో చెయ్యి బిగపట్టుకోండి. పెడల్ బుష్షులకీ క్రాస్ షాఫ్టుకీ నిపుల్స్ ఉంటే ధారాళంగా కొట్టండి. రిలీజ్ బేరింగుకి నిపుల్ ఉన్న బండైతే ఒకటి రెండు పంపులు చాలు. ఎక్కువైన గ్రీజు వేడికి కరిగి తిన్నగా లైనింగు మీదికే పోతుంది.

బండిని నెలల తరబడి వదిలేస్తే ప్లేటు తుప్పుతో ఫ్లైవీల్‌కి అతుక్కుంటుంది. వర్షాకాలం షెడ్డులో ఉంచేటప్పుడు పెడల్ తొక్కి, కింద ఉండేలా ఒక చెక్కతో ఆపి ఉంచితే ఆ బాధ ఉండదు. అప్పటికే అతుక్కుపోయి ఉంటే ముందు ఇంజను అరగంట నడిపి హౌసింగు బాగా వేడెక్కనిచ్చి, ఆపి, పెడల్‌ని చెక్కతో తొక్కి ఉంచి ఒక రాత్రి వదిలెయ్యండి. చాలావరకు ఊడుతుంది. ఊడకపోతే పెడల్ తొక్కి ఉంచి, పెద్ద గేరులో, తాడుతో ఇంకో బండి చేత మెల్లగా లాగించి, కదులుతుండగా బ్రేకు కొట్టాలి. ఖాళీ పొలంలోనే చెయ్యండి, ఇంజను అందుకుంటే బండి ఆగదు కాబట్టి ఇంజను ఆపే నాబ్ మీద చెయ్యి ఉంచండి. గేరులో ఉంచి సెల్ఫ్ కొట్టడం టీఈ20లో కుదరదు. అందులో స్టార్టరు గేరు లీవర్‌తోనే పనిచేస్తుంది, లీవరు స్టార్టు స్థానంలో ఉంటే గేరు పడే వీలే లేదు. అది మంచికే చేశారు.

విప్పాల్సి వస్తే

ప్లేటు మార్చడమంటే బండిని బెల్ హౌసింగు దగ్గర రెండుగా విడదీయడం. ఇందులో నేను అన్నిటికన్నా ముందు చెప్పేది ముందు ఇరుసు సంగతి. ముందు ఇరుసు మధ్యలో ఒక్క పిన్ను మీద ఊగుతుంది. బండి విడిపోగానే ఇంజను సగం ఆ ఒక్క పిన్ను మీద నిలబడి పక్కకి ఒరుగుతుంది. అందుకని బోల్టులు వదులు చేయకముందే ఇరుసుకీ దాని పైనున్న సపోర్టుకీ మధ్య రెండు పక్కలా ఒక కొస సన్నగా చెక్కిన గట్టి చెక్క ముక్కలు దిగ్గొట్టాలి. ఇంజను కింద, గేరు బాక్సు కింద విడివిడిగా స్టాండ్లు పెట్టాలి. ఒక్క జాకీని నమ్ముకుని కిందికి దూరొద్దు.

విప్పాక రివెట్లు చూడండి. రివెట్ తలలు లైనింగు మట్టానికి దగ్గరపడితే ప్లేటు పని అయిపోయినట్టే. ఫ్లైవీల్ మీద నీలం మచ్చలు, వెంట్రుక చీలికలు ఉంటే దాన్ని లేతు మీద సాపు చేయించాలి. ఇంత విప్పాక రిలీజ్ బేరింగు, పైలట్ బేరింగు, వెనక సీలు పాతవే వేయడం నాకు ఒప్పదు. కొత్త రిలీజ్ బేరింగుని డీజిల్లో కడగొద్దు, లోపల నింపిన గ్రీజు పోతుంది. కొత్త ప్లేటుకి ఫ్లైవీల్ వైపు ఏదో గుర్తు ఉంటుంది, తిరగేసి వేస్తే బోల్టులన్నీ బిగించాక కూడా క్లచ్ వదలదు. ప్లేటుని మధ్యకి పట్టించడానికి పాత ఇన్‌పుట్ షాఫ్టు ముక్క దొరికితే అంతకన్నా మంచి పనిముట్టు లేదు. స్ప్లైన్ల (షాఫ్టు మీది నిలువు పళ్ల) మీద పల్చగా వేడి తట్టుకునే గ్రీజు పూసి, మిగిలింది తుడిచెయ్యండి. ప్రెషర్ ప్లేటు బోల్టుల్ని ఎదురెదురుగా, ఒక్కో చుట్టు చొప్పున బిగించండి, లేకపోతే కవరు వంగుతుంది.

కొత్త లైనింగు మొదట్లో త్వరగా అణుగుతుంది, ఆ మేరకు ప్లే కూడా త్వరగా తగ్గుతుంది. అందుకని మొదటి పది గంటల పని కాగానే మళ్లీ చెయ్యి పెట్టి కొలవండి. ఆ తర్వాత నేను 50 గంటలకోసారి, గ్రీజు కొట్టే రోజునే చూస్తాను. కొలిచిన అంకె, తేదీ ఫెండరు లోపలి వైపు పెయింటుతో రాసి ఉంచుకుంటే లైనింగు ఎంత వేగంగా అరుగుతోందో మీకే కనిపిస్తుంది. అంకె మామూలుకన్నా తొందరగా పడిపోతుంటే, తోలేవాడి ఎడమ కాలు పని లేనప్పుడు కూడా పెడల్ మీదే ఉంటోందేమో ఒక పూట పక్కన నిలబడి చూడండి.